చేపల తొట్టికి ఇసుకా, వడపోతా

ఉగాది భోజనాలనాడు మా పక్క పంక్తిలో కూర్చున్న ఒక సోదరి అడిగారు: "మావాడు పుట్టినరోజుకు చేపల తొట్టి కావాలంటున్నాడండీ. కొళత్తూరు వెళ్లి తెచ్చుకోవడమే కదా అనుకున్నాం. తీరా వెళితే పది రకాల ఫిల్టర్లు, యిరవై రకాల రాళ్లు ముందు పోశారు. యేది కొనాలో మీరు రాయకూడదూ?" పులిహోర వడ్డన వచ్చింది గనుక అప్పటికి మాట దాటవేశాం. కాని యింటికి వచ్చాక మనసొప్పలేదు. ఆ దుకాణాల ముందు నిలబడి తెల్లబోయినవాళ్లలో మేమూ ఒకరం. తెల్లబోయి వూరుకోక, తెలిసినట్టు నటించి చెడినవాళ్లం కూడా.

జరిగినది దాచకుండా చెబుతాం. మా మనుమరాలికి యెనిమిదేళ్లప్పుడు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు యెత్తు గల గాజు తొట్టి కొన్నాం. రాళ్లకు డబ్బు తగలెయ్యడం దేనికని ఆదివారం సాయంత్రం బెసంట్ నగర్ తీరానికి వెళ్లి, ఒక సంచెడు ఇసుక తెచ్చాం. పిల్ల యేరిన గవ్వలు, గుల్లలు దాని మీద అలంకారం. ఇసుకను యేడు నీళ్లు మార్చి కడిగాం. కుళాయి నీళ్లు పట్టాం. మోటారు తగిలించాం. ఆ సాయంత్రమే పన్నెండు చేపలు తెచ్చి వదిలాం. ఇల్లంతా పండుగ!

మూడోనాటికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆకలేమోనని యింకాస్త మేత వేశాం. మా మనుమరాలు రోజూ బడికి వెళ్లేముందు తొట్టి దగ్గర నిలబడి లెక్కపెట్టేది. పన్నెండు, పది, యేడు. అయిదోనాడు లెక్కపెట్టకుండా, అటు చూడకుండా, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. ఎనిమిదోనాటికి మూడు మిగిలాయి. మా కోడలు నెమ్మదిగా, "తొట్టిని అటకెక్కించేద్దాం మామయ్యగారూ, పిల్ల బెంగపెట్టుకుంటోంది" అన్నది. మాకు అంతుపట్టనిది ఒక్కటే. నీళ్లు అద్దంలా తేటగా వున్నాయి. ఫిల్టరు గలగలా తిరుగుతూనే వుంది. మరి చేపలకు వచ్చిన రోగమేమిటి?

రోగం చేపలకు కాదు, మా తెలివికి. తేట నీరూ మంచి నీరూ ఒకటేననుకున్నాం. మన పెద్దవాళ్లు వరద నీటిని తేర్చడానికి బిందెలో చిల్లగింజ అరగదీసేవారు. బురద అడుగుకు దిగేది. బొగ్గు, ఇసుక, గులకరాళ్లు నింపి ఒకదానిమీద ఒకటి పెట్టే కుండల వడపోత మనలో చాలామంది బడిలో బొమ్మ గీసినదే. అవన్నీ కంటికి కనబడే మురికి సంగతి. చేప సంగతి వేరు. అది తిన్నది అరిగాక మొప్పల గుండా అమ్మోనియా విడుస్తుంది. మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. అమ్మోనియాకు రంగు లేదు. తొట్టిలో వుండేపాటి మోతాదుకు వాసనా తెలియదు. నీరు అద్దంలా మెరుస్తూనే చేపను కాలుస్తుంది.

చెరువులోనూ, యేటిలోనూ యీ విషాన్ని హరించే సూక్ష్మజీవులు రాళ్లనూ, ఇసుక రేణువులనూ, నాచునూ పట్టుకుని బ్రతుకుతాయి. ఒక జాతి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. దానిని యింకొక జాతి నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది చాలావరకు సహించదగినది. మొక్కలు దానిని తింటాయి, మిగిలినదానిని మనం వారానికొకసారి నాలుగో వంతు నీరు మార్చి తీసివేస్తాం. కొత్త తొట్టిలో యీ జీవులు లేవు. వాటంతటవి చేరి, పెరిగి, పనికి పూనుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మేమేమో వాటికి నాలుగు గంటలు కూడా యివ్వలేదు.

ఈ మాట చెప్పినప్పుడు నమ్మనివారికి మన పట్నం నీళ్ల కథ చెబుతుంటాం. 1872లో ఎర్రకొండల చెరువునుంచి, అదే రెడ్‌హిల్స్, మదరాసుకు నీరు తెచ్చారు. అది వడపోత లేని చెరువు నీరే. 1914లో కీల్పాకం నీటి కేంద్రంలో ఇసుక పడకలు కట్టి నెమ్మదిగా వడపోయడం ప్రారంభించారు. ఆ పడకల గొప్పతనం ఇసుకలో కన్న ఇసుక మీద పేరుకునే జిగట పొరలో యెక్కువ వుంటుంది. ఆ జిగటంతా సూక్ష్మజీవులే. కొత్తగా పరిచిన ఇసుక పడక మంచినీరు యివ్వడానికి ఆ పొర యేర్పడేదాకా ఆగవలసిందే. పట్నమంతటికీ వర్తించిన న్యాయం మన హాల్లోని గాజు పెట్టెకు వర్తించకుండా పోతుందా?

కనుక కొత్తగా కొనేవారు మొట్టమొదట మనసులో పెట్టుకోవలసినది: ఫిల్టరంటే ఆ జీవులు కాపురముండే యిల్లు. అడుగున పరిచే ఇసుక కూడా అదే. రెండింటినీ వేరువేరు సరుకులుగా కాక ఒకే సరుకుగా యెంచి కొనాలి. దుకాణదారు ఒకచోట ఫిల్టరూ, ఇంకొకచోట రాళ్లూ చూపిస్తాడు గనుక మనం ఆ సంగతి మరచిపోతాం.

ఇక మా సముద్రపు ఇసుక చేసిన ఘనకార్యం. గవ్వలు, గుల్లలు, వాటి పొడి, అన్నీ సున్నపు పదార్థమే. నీటిలో అది మెల్లమెల్లగా కరుగుతూ గట్టితనాన్ని పెంచుతుంది, క్షారగుణాన్ని పెంచుతుంది. పి.హెచ్. అనే కొలత 7 దగ్గరుండవలసిన నీరు 8 దాటుతుంది. పి.హెచ్. ఒక్క అంకె పెరిగితే, అదే అమ్మోనియాలో చేపను చంపే భాగం సుమారు పది రెట్లవుతుంది. నీరు వెచ్చబడిన కొద్దీ యింకా పెరుగుతుంది. జీవులు లేని కొత్త తొట్టి, గవ్వల ఇసుక, పైన మే నెల చెన్నపట్నపు యెండ! మూడూ కలిపి వడ్డించాక తొమ్మిది చేపలు పోవడం వింతకాదు, మూడు బ్రతకడమే వింత.

దీనికి పరీక్ష చాలా తేలిక. మీరు కొనదలచిన ఇసుకను గాని, రాళ్లను గాని ఒక చెంచాడు గిన్నెలో వేసి, మీద వెనిగర్ పొయ్యండి. బుసబుసమని బుడగలు వస్తే సున్నం వున్నట్టే. పూలకుండీలలో వేసే తెల్లని చలువరాతి ముక్కలు కంటికి ముచ్చటగా వుంటాయి. వెనిగర్ తగలగానే వాటి బండారం బయటపడుతుంది. సున్నం వున్న రాళ్లు కావాలనుకునే చేపలూ వున్నాయి. మాలీలు, గప్పీలు గట్టి నీటిలోనే హాయిగా వుంటాయి. మన బోరు నీళ్లు చాలాచోట్ల యెటూ గట్టివే. ఆపైన సున్నపు రాళ్లెందుకు?

ఇక దుకాణంలో కనబడే రకాలు. రంగు రాళ్లు మా యిష్టానికి వదిలేస్తే కొనము. కొన్నింటి రంగు నెలలు గడిచేసరికి వెలిసిపోతుంది. పిల్లవాడు నీలమే కావాలని పట్టుబడితే, ఒక గుప్పెడు తెచ్చి తెల్లని గిన్నెలో వారంరోజులు నానబెట్టి నీటి రంగు చూసి నిర్ణయించుకోండి. ఇళ్లు కట్టేచోట దొరికే నల్ల కంకరలో సున్నం వుండదు గాని అంచులు కత్తుల్లా వుంటాయి. అడుగున తిరిగే చేపల మీసాలు చెక్కుకుపోతాయి. యంత్రంలో రాయి నలగ్గొట్టి చేసే యీనాటి కట్టుబడి ఇసుక కూడా అటువంటిదే. పైగా దాని పొడి యెన్ని నీళ్లు పోసి కడిగినా తెల్లగా వస్తూనే వుంటుంది. మెరకనేలకు వేసే యెర్రమట్టిలో పేడ కలిపి అడుగున పరిచినవారిని చూశాం. మొక్కలు బాగా వచ్చాయట. చేపల మాట వారు యెత్తలేదు, మేమూ అడగలేదు.

మంచిది యేదంటే రెండు చెబుతాం. ఒకటి, శుభ్రంగా కడిగిన నునుపైన చిన్న గులకరాయి, శనగబద్దంత. రెండవది, ఈతకొలనుల ఫిల్టర్లలోనూ, నీటి శుద్ధిలోనూ వాడే పలుగురాతి ఇసుక, బొంబాయి రవ్వంత లావు. మన గూడూరు ప్రాంతం యీ తెల్ల ఇసుకకు పేరుపడ్డది. గాజు తయారయ్యేదీ యిటువంటి ఇసుకతోనే గనుక, తొట్టి గోడలూ అడుగూ ఒకే గోత్రమన్నమాట. ఎంత కావాలంటారా? మా తొట్టి కొలతకు రెండంగుళాల మందం పరిస్తే తొమ్మిది లీటర్ల ఇసుక, అనగా సుమారు 14 కిలోలు పడుతుంది. మొక్కలు నాటనివారికి అందులో సగం చాలు. మందంగా పరిచిన సన్నని ఇసుకలో గాలి ఆడక అడుగున నల్లబడి కుళ్లు వాసన వస్తుంది. కడిగేటప్పుడు సబ్బు తగలనివ్వకండి. మరొక మాట: ఆ కొలత తొట్టిలో 54 లీటర్ల నీరు పడుతుంది. నీరూ, ఇసుకా, గాజూ కలిస్తే డెబ్బయి కిలోలు దాటుతుంది. పాత టేకు బల్ల అయితే సరి. పుస్తకాల అలమరా మీద పెట్టకండి.

ఇప్పుడు ఫిల్టర్లు. మా చిన్నతనాన దుకాణాలలో వుండినది ఒక్కటే. అడుగున చిల్లుల పలక, దానిమీద రాళ్లు, మూలన ఒక గొట్టం. గాలి బుడగలు గొట్టంలో పైకి లేస్తూ అడుగునీటిని లాగుతాయి. మురికినీరు రాళ్లగుండా దిగుతుంది. రాళ్ల పడకంతా ఫిల్టరే! ఖర్చు తక్కువ, గులకరాళ్ల తొట్టిలో బాగా పనిచేస్తుంది. కాని దానిమీద సన్నని ఇసుక పోస్తే పలక చిల్లులు పూడిపోతాయి. పైగా యేళ్ల తరబడి పలక కింద చేరిన మడ్డి తియ్యాలంటే తొట్టి మొత్తం విప్పాలి. ఇసుక కొని, యీ పలక కూడా కొన్నవారు వున్నారు. అమ్మినవాడిని అడిగితే "రెండూ మంచివే సార్" అంటాడు. నిజమే, విడివిడిగా.

రెండవది స్పాంజి ఫిల్టరు. చూడటానికి అందంలేని నల్లని స్పాంజి ముద్ద, దానికి ఒక గాలి గొట్టం. మా వోటు దీనికే. స్పాంజిలోని లక్షల రంధ్రాలు ఆ జీవులకు అగ్రహారాలు. చేప పిల్లలను లోపలికి లాక్కోదు. బుడగలు నీటి పైభాగాన్ని కదుపుతాయి గనుక గాలి కలుస్తుంది. మన వూళ్లో అది చాలా ముఖ్యం. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకోగలిగితే, 30 డిగ్రీల నీరు పట్టుకోగలిగేది ఏడున్నరే. శీతల దేశాల పుస్తకాలు చూసి హీటర్లు కొనేవారు యిక్కడ కూడా వున్నారు. మార్గశిరంలో తప్ప మన తొట్టికి వేడి కొరత యెన్నడు వచ్చింది గనుక! కొరత వచ్చేది గాలికి.

మూడవది తొట్టి అంచుకు తగిలించేది. శుభ్రం చెయ్యడం సులువు, నీటిని జలపాతంలా వంచుతుంది. పిల్లలకు అది ముచ్చట. దానితో వచ్చే కాగితపు పొరను నెల నెలా పారేసి కొత్తది వెయ్యమని పెట్టె మీద రాసి వుంటుంది. అట్లా చేస్తే మనం పెంచుకున్న జీవులను నెల నెలా చెత్తబుట్టలో వేసినట్టే. పొరతోపాటు ఒక స్పాంజి ముక్క కూడా అందులో ఇరికించి, దానిని మాత్రం మార్చకండి. తొట్టి కింద డబ్బాలా వుండే పెద్ద ఫిల్టరు నాలుగడుగుల తొట్టికి మంచిదే గాని, మొదటి తొట్టికి అనవసరపు ఖర్చు. ఏది కొన్నా, గంటకు తొట్టి నీటికి నాలుగయిదు రెట్లు తిప్పగలిగితే చాలు. 54 లీటర్లకు గంటకు 200 నుంచి 250 లీటర్లు. అంతకు మించితే చేప ప్రవాహానికి యెదురీదుతూనే బ్రతుకంతా గడుపుతుంది. ఫైటరు చేప అయితే మరీ అలసిపోతుంది. అది పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు గనుక దానికి చిన్న స్పాంజి, మెల్లని బుడగ చాలు.

కరెంటు ఖర్చు మాట అడిగేవారికి: 5 వాట్ల గాలి మోటారు రాత్రింబగళ్లు నడిచినా రెండు నెలల బిల్లులో 7 యూనిట్లు. దానిని పొదుపు చేద్దామని రాత్రి ఆపేవారున్నారు. ఆపకండి. ఆ జీవులకు కూడా గాలి కావాలి. మోటారును నీటి మట్టానికి పైన వుంచండి, లేదా గొట్టంలో వెనక్కు పోనివ్వని కవాటం తగిలించండి. లేకుంటే కరెంటు పోయినప్పుడు తొట్టి నీరు గొట్టంవెంట మోటారులోకి దిగుతుంది. తీగను కూడా ప్లగ్గుకంటె కిందికి వేలాడేట్టు వంచి పెడితే, జారిన నీటిచుక్క కింద పడుతుందిగాని ప్లగ్గులోకి పోదు.

కరెంటు పోవడమంటే గుర్తుకు వచ్చింది. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో మూడు రోజులు దీపం లేదు. అప్పటికి మా తొట్టి రెండవ అవతారం బాగానే నడుస్తున్నది. మా మనుమరాలూ, మేమూ వంతులు వేసుకుని చెంబుతో తొట్టి నీరు తీసి, మూరెడు యెత్తునుంచి తిరిగి పోస్తూ వచ్చాం. కొవ్వొత్తి వెలుగులో అదొక అభిషేకం. మేత పూర్తిగా మానేశాం. ఆరోగ్యంగా వున్న చేప నాలుగు రోజులు తినకపోయినా యేమీ కాదు, తింటేనే నీరు చెడుతుంది. స్పాంజి నీటిలోనే తెరిచి వున్నది గనుక దానిలోని జీవులు బ్రతికాయి. పెద్ద డబ్బా ఫిల్టరు వున్న మిత్రుని యింట్లో మాత్రం, కరెంటు రాగానే డబ్బాలో మూడు రోజులుగా గాలాడక మురిగిన నీరు ఒక్కసారిగా తొట్టిలోకి వచ్చింది. అందుకే అటువంటి ఫిల్టరును చాలా గంటలు ఆగిపోయాక విప్పి, ఆ నీరు పారబోసి, లోపలి స్పాంజిని తొట్టి నీటిలో జాడించిగాని తిప్పకూడదు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి మోటారు ఒకటి యింట్లో వుంచుకుంటే చెంబు అభిషేకం తప్పుతుంది. అయిప్పసి, కార్తిగై వానలు యేటేటా వచ్చేవే కదా.

రెండవ అవతారం యెట్లా యెత్తామో చెప్పలేదు. సముద్రపు ఇసుక తీసివేశాం. బ్రతికిన మూడు చేపలను తెలిసినవారి పాత తొట్టికి అప్పగించాం. పలుగు ఇసుక, స్పాంజి ఫిల్టరు పెట్టాం. కుళాయి నీటిలో క్లోరిన్ వుంటుంది గనుక బక్కెట్లలో పట్టి, మూత లేకుండా ఒకరోజు వుంచి పోశాం. తొందరగా కావలసినవారికి హైపో పలుకులు దుకాణంలోనే దొరుకుతాయి; చీటీమీది మోతాదు మించవద్దు. క్యాన్ల నీళ్లు కొని పోయాలని మాత్రం అనుకోకండి. అందులో లవణాలు మరీ తక్కువ, నీటి గుణం నిలకడగా వుండదు. ఆ తరువాత మా మనుమరాలు నెల్లాళ్లపాటు, రోజూ వుదయం, చేపలు లేని తొట్టికి చిటికెడు మేత వేసింది! ఆ మేత కుళ్లి అమ్మోనియా పుట్టాలి, దానిని తినే జీవులు పెరగాలి. ఎదురింటి మామి చూసి, పిల్లకు యేమైనా జరిగిందా అని మా కోడలిని చాటుగా అడిగింది.

వారానికి రెండుసార్లు చుక్కల మందు సీసాతో నీరు పరీక్షించాం. దీనికి పెట్టే ఖర్చు దండగ కాదు. మొదట అమ్మోనియా పెరిగింది, తరువాత అది తగ్గుతూ నైట్రైట్ పెరిగింది, ముప్పయినాలుగోనాటికి రెండూ సున్నా. అంకెలన్నీ ఆ పిల్లే కాలెండరు మీద రాసింది. అప్పుడు నాలుగు చేపలు తెచ్చాం. పది రోజులయ్యాక మరి నాలుగు. వెనుకటి మూడింటిలో రెండు తిరిగి వచ్చాయి. అటక మాట మళ్లీ యెవరూ యెత్తలేదు.

ఒక తప్పు మాత్రం తరువాత కూడా చేశాం. ఆరు నెలలయ్యాక, స్పాంజి మురికిగా వుందని కుళాయి కింద పెట్టి తెల్లబడేదాకా పిండాం. క్లోరిన్ నీటితో కాపురమంతా కడిగేసినట్టయింది. రెండు రోజులకు చేపలు మళ్లీ పైకి వచ్చాయి. రోజూ సగం నీరు మారుస్తూ గండం గట్టెక్కాం. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీటిలోనే, బక్కెట్టులో రెండుసార్లు పిండితే చాలు. గోధుమరంగుగా వుండటమే దాని ఆరోగ్యం.

ఫిల్టరు పని అంతా చేస్తుందని చెప్పి, నల్లని సక్కరు చేప నొకదానిని అంటగట్టబోతారు. అది నాచు గీకుతుంది, నిజమే. కాని చేప చేపే గనుక అది కూడా మురికి చేస్తుంది, అందరికంటె యెక్కువగా. రెండేళ్లలో అడుగు పొడవుకు పెరిగి తొట్టి పట్టకపోతే జనం దానిని చెరువులో వదిలివస్తారు. ఆంధ్రదేశంలో చెరువులవాళ్లు దెయ్యం చేప అని తిట్టుకునేది దీనినే. వలలు చింపుతుంది, తినడానికీ పనికిరాదు. ఏ తొట్టి చేపనూ చెరువులో, కాలువలో వదలకండి. పెంచలేకపోతే దుకాణానికే తిరిగి యివ్వండి.

సోదరి అడిగినదానికి చివరి మాట. మీ అబ్బాయి పుట్టినరోజు ఆషాఢంలో అన్నారు. తొట్టి యిప్పుడే కొనండి. ఆనాటికి కొనేది చేపలు మాత్రమే కావాలి. పెరుగుకు తోడు వేసినట్టే తొట్టికి కూడా తోడు వెయ్యవచ్చు. ఆరోగ్యంగా వున్న పాత తొట్టి స్పాంజి ముక్క ఒకటి కొత్త ఫిల్టరు పక్కన వుంచితే నెల్లాళ్ల పని రెండు మూడు వారాలలో అవుతుంది. మా యింట్లో అదనంగా ఒక స్పాంజి యెప్పుడూ నానుతూనే వుంటుంది. వచ్చే ఆదివారం వుదయం పది గంటలలోగా మూత వున్న డబ్బా ఒకటి తీసుకుని, అబ్బాయిని వెంటబెట్టుకుని రండి. తొట్టి నీటితోనే తడిపి యిస్తాం. దారిలో ఆరిపోనివ్వకండి.